శ్రీలంకలో పొయ్యి ఎందుకు ఆరింది?

మన దేశానికి దక్షిణం కొసన రామేశ్వరం ఉంది. దాని పక్కనే ధనుష్కోటి. అక్కడి ఒడ్డున నిలబడి చూస్తే అంతా సముద్రమే. ఆ సముద్రం దాటితే శ్రీలంక. మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు.

శ్రీలంక ఒక దీవి. చుట్టూ నీళ్లు, మధ్యలో నేల. ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు. జనం 2 కోట్లకు పైన. సింహళం మాట్లాడేవాళ్లు ఎక్కువ. తరవాత తమిళులు. తెలుగు మాట్లాడేవాళ్లు కూడా కొద్దిమంది ఉన్నారు. వాళ్లు పాములాడించుకుంటూ, జోస్యం చెప్పుకుంటూ ఊరూరా తిరిగి బతికిన వాళ్లు. వాళ్లను అహికుంటకులు అంటారు.

చిన్న దేశమే గానీ తీసిపారేయాల్సిన దేశం కాదు. 1931లోనే అక్కడ ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఓటు వచ్చింది. మన దేశంలో అందరూ ఓటు వేసింది 1951-52 ఎన్నికల్లో. శ్రీలంక సర్కారు బడిలో చదువుకు ఫీజు లేదు. సర్కారు ఆసుపత్రిలో వైద్యానికి డబ్బు కట్టక్కరలేదు. నూటికి 90 మందికి పైగా చదవటం, రాయటం వచ్చు. 1960లో సిరిమావో బండారనాయకే అక్కడ ప్రధానమంత్రి అయింది. ప్రపంచంలోనే మొదటి మహిళా ప్రధాని ఆమె.

అటువంటి దేశంలో 2022లో పొయ్యి ఆరిపోయింది.

ఆ ఏడాది ఏం జరిగింది?

ముందు గ్యాసు కరువైంది. 2021 అక్టోబరుకు ముందు పెద్ద సిలిండరు ధర వాళ్ల రూపాయల్లో 1,500 లోపు. 2022 ఏప్రిల్ చివరికి 4,800 దాటింది. అంత డబ్బు పట్టుకుపోయినా సిలిండరు దొరికేది కాదు. ఆడవాళ్లు ఖాళీ సిలిండర్లు వరసలో పెట్టి తెల్లవార్లూ కాపలా కాశారు. కిరసనాయిలుకూ అదే వరస. పెట్రోలుకూ అదే. ఎండలో గంటల తరబడి నిలబడి కొందరు ముసలివాళ్లు వరసలోనే కూలిపోయి చనిపోయారు.

మార్చి చివర్లో రోజుకు 13 గంటలు కరెంటు పోయింది. పసిపిల్లలకు పట్టే పాలపొడి దుకాణాల్లో లేదు. మందులు లేక కొన్ని ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా వేశారు. కొలంబో ఉన్న పశ్చిమ రాష్ట్రంలో బడి పిల్లల పరీక్షలు ఆగిపోయాయి. ఎందుకంటారా? ప్రశ్నలు అచ్చు వేయటానికి కాగితం లేదు.

2022 సెప్టెంబరులో కొలంబోలో తిండి సరుకుల ధరలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే నూటికి 90కి పైగా పెరిగాయి. అంటే వంద రూపాయల సరుకు 190 దాటింది. కూలి మాత్రం అట్లా పెరగలేదు. చాలా ఇళ్లల్లో మూడు పూటల తిండి రెండు పూటలైంది. ఏ పూట ఎవరు మానుకున్నారో ఇల్లు నడిపే ఆడవాళ్లకు చెప్పక్కరలేదు.

అప్పుడు యుద్ధం లేదు. సింహళ ప్రభుత్వానికీ తమిళ పులులకూ 1983లో మొదలైన యుద్ధం 2009లోనే ముగిసింది. వానలు పడకపోవటమూ కారణం కాదు. మరి ఏమైంది? దేశం దగ్గర డాలర్లు అయిపోయాయి.

డాలరుతో మనకేం పని?

శ్రీలంక రూపాయి శ్రీలంకలోనే చెల్లుతుంది. వేరే దేశం వాడు దాన్ని తీసుకోడు. అతనికి డాలరు కావాలి. పెట్రోలు, గ్యాసు, గోధుమలు, పాలపొడి, మందులు, కాగితం - ఇవన్నీ శ్రీలంక బయటి నుంచి కొనుక్కోవాలి. బయటి నుంచి కొని తెచ్చుకోవటాన్ని దిగుమతి అంటారు. బయటికి పంపి అమ్మటాన్ని ఎగుమతి అంటారు.

ఊళ్లో ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంట్లో కూరగాయలు పండుతాయి, బియ్యం ఉంటాయి. ఉప్పు, నూనె, మందుబిళ్లలు మాత్రం అంగట్లో కొనాలి. అంగడివాడు కూరగాయలు తీసుకోడు, రొక్కమే అడుగుతాడు. పాలు అమ్మితేనే ఆ ఇంటికి రొక్కం వస్తుంది. పాలు ఆగితే రొక్కం ఆగుతుంది. డాలరు అటువంటి రొక్కం.

శ్రీలంకకు ఆ రొక్కం తెచ్చిపెట్టేది ఎవరు? విదేశీ యాత్రికులు కొంత తెస్తారు. తక్కినదాంట్లో పెద్ద భాగం ఆడవాళ్ల చేతి కష్టం. ఈ మాట గొప్పకు చెప్పేది కాదు. లెక్క చూస్తే తెలుస్తుంది.

మూడు రకాల చేతులు

మొదటిది తేయాకు కోసే చేతులు. మనం తాగే టీ పొడి వంటిదే శ్రీలంక టీ. 1867లో అక్కడ కొండల మీద తోటల సాగు మొదలైంది. తెల్ల దొరలు పనికోసం తమిళ దేశం నుంచి కూలీలను తీసుకుపోయారు. వాళ్ల పిల్లలు, పిల్లల పిల్లలు అక్కడే పుట్టారు. ఆకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. చాలా తోటల్లో రోజుకు 18 కిలోల దాకా కోస్తేనే పూర్తి కూలి. ఉండటానికి లైను ఇళ్లు - ఒకే పొడుగు పాకలో వరసగా గదులు.

1948లో శ్రీలంకకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ఏడాదే ఒక చట్టం చేసి తోట కూలీల్లో చాలామందికి పౌరసత్వం లేకుండా చేశారు. పౌరసత్వం పోతే ఓటు పోతుంది. ఇది ఇంటి విషయం. కానీ వాకిలి దాటింది. వీళ్లు ఏ దేశం వాళ్లు అని రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకున్నాయి. 1964లో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, వాళ్ల ప్రధాని సిరిమావో ఒప్పందం చేసుకున్నారు. 5 లక్షల 25 వేల మందిని ఇండియా తీసుకోవాలి, 3 లక్షల మందిని శ్రీలంక ఉంచుకోవాలి. మిగిలిన లక్షా 50 వేల మంది సంగతి తరవాత చూద్దాం అన్నారు. పుట్టి పెరిగిన కొండలు వదిలి వేల కుటుంబాలు ఓడలెక్కాయి. మీరు ఎక్కడ ఉంటారమ్మా అని ఆ ఆడవాళ్లను ఎవరూ అడగలేదు. ఉండిపోయిన వాళ్లందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం వచ్చేసరికి 2003 అయింది.

రెండోది బట్టలు కుట్టే చేతులు. 1978లో కొలంబో విమానాశ్రయం పక్కన కటునాయకేలో ఎగుమతి ఫ్యాక్టరీల కోసం ఒక ప్రాంతం తెరిచారు. పల్లెల నుంచి వయసు ఆడపిల్లలు వచ్చి చిన్న గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ కుట్టు మిషన్ల మీద పనిచేశారు. ఇవాళ ఆ దేశం బయటికి అమ్మే సరుకుల్లో బట్టలదే మొదటి స్థానం.

మూడోది గల్ఫ్ దేశాల్లో ఇంటి పని చేసే చేతులు. సౌదీకి, కువైట్‌కు వేలాది మంది తల్లులు పోయారు. కన్నపిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి వేరే వాళ్ల పిల్లలను సాకారు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు పోయిన మన ఆడవాళ్లకు ఈ కష్టం తెలిసిందే. గల్ఫ్‌లోనూ ఇతర దేశాల్లోనూ పనిచేసే ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి 2020లో ఇంటికి పంపిన డబ్బు 700 కోట్ల డాలర్లు దాటింది.

డబ్బు వీళ్లు తెచ్చారు. దాన్ని ఎట్లా ఖర్చు చేయాలో నిర్ణయించిన చోట మాత్రం వీళ్లు లేరు.

డాలర్లు ఎట్లా అయిపోయాయి?

యుద్ధం ముగిసిన తరవాత ప్రభుత్వం పెద్ద పెద్ద పనులు పెట్టుకుంది. రోడ్లు, ఓడరేవులు, విమానాశ్రయం. అన్నిటికీ అప్పు. దక్షిణం కొసన హంబన్‌తోటలో చైనా అప్పుతో ఓడరేవు కట్టారు. అనుకున్నంత రాబడి రాలేదు. 2017లో 112 కోట్ల డాలర్లకు ఆ రేవును చైనా కంపెనీకి 99 ఏళ్ల కౌలుకు ఇచ్చారు.

ఈ కథ విని చాలామంది చైనా అప్పే ముంచింది అంటారు. అది సగం మాటే. చైనా అప్పు కన్నా ఎక్కువ అప్పు వేరే చోట ఉంది. శ్రీలంక ప్రభుత్వం పెద్ద దేశాల పెట్టుబడిదారులకు బాండ్లు అమ్మింది. బాండు అంటే ప్రభుత్వం రాసిచ్చే ప్రామిసరీ నోటు వంటిది. వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. గడువు వచ్చినప్పుడల్లా పాత నోటు తీర్చటానికి కొత్త నోటు రాశారు. అప్పు తీర్చటానికి అప్పు చేస్తే ఏమవుతుందో పొదుపు సంఘంలో ఉన్న వాళ్లకు తెలుసు.

2019 ఏప్రిల్ 21న, ఈస్టరు పండగ నాడు, చర్చిల్లోనూ హోటళ్లలోనూ బాంబులు పేలాయి. 260 మందికి పైగా చనిపోయారు. యాత్రికులు రావటం తగ్గింది. ఆ నవంబరులో గోటబయ రాజపక్స అధ్యక్షుడు అయ్యాడు. వస్తూనే పన్నులు తగ్గించాడు. అమ్మకాల మీద వేసే వ్యాట్ పన్ను నూటికి 15 నుంచి 8కి దిగింది. అందరూ సంతోషించారు. ఖజానా మాత్రం చిక్కిపోయింది. 2020లో కరోనా వచ్చింది. విమానాలు ఆగాయి. యాత్రికుల రాబడి పూర్తిగా పడిపోయింది.

అప్పుడే ఇంకో తప్పు జరిగింది. డాలరుకు 200 రూపాయలే అని ప్రభుత్వం పట్టుబట్టింది. బయట హుండీ వ్యాపారి అంతకన్నా ఎక్కువ ఇచ్చాడు. గల్ఫ్‌లో ఉన్న అక్క ఏం చేస్తుంది? ఇంటికి నాలుగు రూపాయలు ఎక్కువ చేరే దారే చూస్తుంది. బ్యాంకు ద్వారా వచ్చే డబ్బు 2022లో 400 కోట్ల డాలర్లకు కూడా చేరలేదు. 2022 మార్చిలో ప్రభుత్వం పట్టు వదిలింది. రెండు నెలల్లో డాలరు 360 రూపాయలైంది.

ఎరువు కథ

ఇది కాస్త వివరంగా తెలుసుకోవాలి. 2021 మే నెలలో రసాయన ఎరువులు, పురుగు మందులు బయటి నుంచి తేకూడదని ప్రభుత్వం ఆపేసింది. దేశమంతా ఒకేసారి సేంద్రియ వ్యవసాయం చేయాలన్నది. ఆరోగ్యం కోసం అని చెప్పింది. ఎరువు కొనటానికి పట్టే డాలర్లు మిగులుతాయన్న ఆశ కూడా అందులో ఉంది.

పెంట ఎరువు మంచిదే. కానీ ఒక దేశపు పొలాలన్నిటికీ సరిపడా పెంట ఎరువు ఒక కారుకు పుట్టుకురాదు. పశువులు ఉండాలి. నేల అలవాటు పడాలి. రైతుకు నేర్పాలి. ఇవేవీ లేకుండా ఒక్క ఆర్డరుతో పని జరుగుతుందనుకున్నారు. వరి పైరు పసుపు రంగుకు తిరిగింది. తేయాకు తగ్గింది. అంతవరకు తన బియ్యం తనే పండించుకున్న దేశం బియ్యం కొనుక్కోవలసి వచ్చింది. డాలర్లు మిగల్చబోతే ఇంకా పోయాయి. నవంబరులో ఆ నిషేధం ఎత్తేశారు. అప్పటికే ఆ కారు పంట దెబ్బతిన్నది.

మధ్యలో ఇంకో చిక్కు. చైనా కంపెనీ ఓడలో సేంద్రియ ఎరువు పంపింది. పరీక్ష చేస్తే అందులో పైరుకు హాని చేసే సూక్ష్మజీవులు ఉన్నాయని శ్రీలంక అధికారులు వద్దన్నారు. చైనా ఒప్పుకోలేదు. తగాదా ముదిరింది. చివరికి 2022 జనవరిలో, దించుకోని ఎరువుకు శ్రీలంక 67 లక్షల డాలర్లు కట్టింది. పొలంలో ఏం చల్లాలి అన్న నిర్ణయం రెండు దేశాల తగాదా అయింది.

జనం లేచారు

2022 ఏప్రిల్ 12న ప్రభుత్వం చేతులెత్తేసింది. బయటి అప్పు 5,100 కోట్ల డాలర్లు, ఇక కట్టలేం అని ప్రకటించింది. మే నెలలో ఆర్థిక మంత్రి పార్లమెంటులో లెక్క చెప్పాడు. వాడుకోవటానికి 5 కోట్ల డాలర్లు కూడా లేవు.

అప్పటికే కొలంబో సముద్రపు ఒడ్డున జనం గుడారాలు వేసుకుని కూర్చున్నారు. పిల్లలను చంకనెత్తుకుని తల్లులు వచ్చారు. సింహళులు, తమిళులు, ముస్లింలు కలిసి కూర్చున్నారు. జులై 9న జనం అధ్యక్షుడి భవనంలోకి పోయారు. 13న గోటబయ దేశం వదిలి మాల్దీవులకు, అక్కడి నుంచి సింగపూరుకు పోయాడు. 14న రాజీనామా పంపాడు.

ఇరుగు పొరుగు

ఆ ఏడాది ఇండియా సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. 40 కోట్ల డాలర్లు చేబదులు. 50 కోట్ల డాలర్ల అరువు పెట్రోలు, డీజిలు కొనటానికి. 100 కోట్ల డాలర్ల అరువు తిండి, మందులు కొనటానికి. యూరియా పోయింది. తమిళనాడు ప్రభుత్వం బియ్యం, పాలపొడి, మందులు ఓడలకెత్తి పంపింది.

ఇది మంచి పొరుగుతనమే. కానీ దేశాల మధ్య సాయంలో లెక్క లేకుండా ఉండదు. చైనా పట్టు శ్రీలంకలో పెరగటం ఇండియాకు ఇష్టం లేదు. 2022 ఆగస్టులో చైనా ఓడ ఒకటి హంబన్‌తోట రేవుకు వచ్చింది. పరిశోధన ఓడ అని చైనా అన్నది. మన మీద నిఘా పెడుతుందేమోనని ఇండియా అభ్యంతరం చెప్పింది. శ్రీలంక ముందు ఆగమంది, తరవాత రానిచ్చింది. ఇటు వీళ్లకూ బాకీ, అటు వాళ్లకూ బాకీ. రెండు పెద్ద ఇళ్ల మధ్య చిన్న ఇంటి ఇబ్బంది అది.

ఇండియాతో చేపల తగాదా కూడా ఉంది. తమిళనాడు మరపడవలు సముద్రపు అడుగు ఊడ్చే వలలతో శ్రీలంక నీళ్లలోకి పోతాయి. అక్కడి నేవీ పట్టుకుంటుంది. పట్టుబడిన వాడి పెళ్లాం ఇటు ఏడుస్తుంది. వల తెగి, చేప పోయి జాఫ్నా వైపు బెస్త ఇళ్లల్లో అటు పస్తుంటారు. అటు ఇటు ఉన్నవాళ్లు తమిళులే, పేదలే.

బరువు ఎవరి మీద పడింది?

2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్య నిధి ముందుకు వచ్చింది. కష్టాల్లో ఉన్న దేశాలకు అప్పు ఇచ్చే సంస్థ అది. నాలుగేళ్లలో సుమారు 300 కోట్ల డాలర్లు ఇస్తామంది. ఊరికే ఇవ్వదు, షరతులు పెడుతుంది. రాబడి పెంచు, ఖర్చు తగ్గించు. కరెంటు ఛార్జీలు రెండు సార్లు బాగా పెరిగాయి. 2024 జనవరి నుంచి వ్యాట్ 18 అయింది. ఉన్నవాడైనా లేనివాడైనా కొన్న సరుకు మీద పన్ను ఒకటే. పేద కుటుంబాలకు అస్వెసుమ అనే పథకం కింద కొంత నగదు ఇస్తున్నారు. పెరిగిన ధరల ముందు అది చిన్నదే.

2023లో ప్రభుత్వం దేశం లోపల చేసిన అప్పుల లెక్క కూడా మార్చింది. ఆ భారంలో ఎక్కువ భాగం కార్మికుల భవిష్య నిధి మీద పడింది. జీతంలో నెలనెలా కోసి ముసలితనానికి దాచే డబ్బు అది. దాని మీద వచ్చే వడ్డీకి కత్తెర పడింది. బ్యాంకుల బాండ్లను ఆ మార్పిడిలోకి తేలేదు. బ్యాంకులు పడిపోతే దేశం పడిపోతుంది అన్నారు. అందులో కొంత నిజం ఉంది. కానీ కటునాయకేలో కుట్టు మిషను తొక్కిన పిల్ల, కొండ మీద ఆకు కోసిన ముసలమ్మ ఆ అప్పు చేయలేదు. పైగా డాలర్లు తెచ్చింది వాళ్లే.

2024 సెప్టెంబరులో ఎన్నికలు జరిగాయి. అనుర కుమార దిసానాయకే అధ్యక్షుడు అయ్యాడు. హరిణి అమరసూర్య ప్రధాని అయింది. ఆ దేశానికి ఆమె మూడో మహిళా ప్రధాని. అప్పుల వాళ్లతో ఒప్పందాలు కుదిరాయి. ఇతర ప్రభుత్వాలకు ఇవ్వాల్సిన అసలు 2028 నుంచి కట్టటం మొదలుపెట్టాలి. వరసలు పోయాయి, గ్యాసు దొరికింది. ధరలు పరుగు ఆపాయి గానీ పాత ధరలు తిరిగి రాలేదు.

2025 ఏప్రిల్‌లో అమెరికా శ్రీలంక సరుకుల మీద 44 శాతం సుంకం వేస్తామంది. అక్కడ కుట్టిన బట్టలు ఎక్కువగా కొనేది అమెరికా. మాటల మీద మాటలు జరిగి ఆగస్టుకు 20 శాతానికి దిగింది. నవంబరు చివర దిత్వా తుపాను వచ్చింది. వందల మంది చనిపోయారు. కొండచరియలు విరిగిపడింది ఎక్కువగా తేయాకు కొండల మీదనే.

మాట్లాడుకోండి

మీ సంఘంలో ఒకరు పాత అప్పు తీర్చటానికి కొత్త అప్పు అడిగితే ఏమేం అడిగి తెలుసుకుంటారు? దేశం అప్పు చేసేటప్పుడు ఆ ప్రశ్నలు ఎవరు అడగాలి?

పంట పద్ధతి మార్చాలంటే మీ ఊళ్లో ఎంత కాలం పడుతుంది? ముందు ఎవరితో మాట్లాడాలి?

ఇంట్లో ఉన్న నూనె ప్యాకెట్టు తీసి దాని మీది అక్షరాలు చదవండి. పామాయిలు అని ఉంటే అది చాలావరకు ఇండోనేషియా, మలేషియా దేశాల నుంచి వచ్చిందే. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా మూడు వారాలకు పైగా పామాయిలు బయటికి పంపటం ఆపింది. అప్పట్లో మీ ఇంట్లో నూనె ఎంతకు కొన్నారో గుర్తు తెచ్చుకుని, ఇప్పటి ధర పక్కన రాయండి.